వీధి దాకా తోడొచ్చిన మనిషి

ఆ ఫోను వచ్చినప్పుడు నా రెండు చేతులూ రాగితీగలో ఉన్నాయి. ఆత్మకూరు బస్టాండుకు దగ్గర్లో నాకొక చిన్న మోటారు వైండింగు షాపుంది. బోరు మోటార్లు కాలిపోతే చుట్టుపక్కల రైతులు నా దగ్గరికే తెస్తారు. తీగ చుట్టేటప్పుడు చుట్ల లెక్క తప్పితే మళ్ళీ మొదటికి రావాలి, అందుకని ఎవరు చేసినా ఫోనెత్తను. మూడోసారి కూడా మోగేసరికి తిట్టుకుంటూ మోచేత్తో స్పీకరు నొక్కాను. "అన్నా, ఉదయగిరి నుంచి. అబ్బా పోయినాడన్నా" అంది ఒక ఆడగొంతు. అబ్బా అంటే వాళ్ళ నాయన. పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. ఉదయగిరిలో నాకున్నది ఒకే ఒక్క మనిషి. పొద్దున నమాజు చేసుకొని, స్నానం చేసి, చొక్కా గుండీలన్నీ మెడదాకా పెట్టుకొని, టీ గ్లాసు చేతిలో పట్టుకొని, గోడకానుకొని అట్లాగే పోయాడట.

ఆయన నాకు చుట్టం కాదు. మా ఊరు కాదు, మా మతం కాదు, నా వయసు అసలే కాదు. క్యాంపులో అందరూ చిచ్చా అనేవాళ్ళు, నేనూ చిచ్చా అనే పిలిచాను. చిచ్చా అంటే చిన్నాన్న. పద్నాలుగు నెలలు ఈ భూమ్మీద నాకు ఆయన, ఆయనకు నేను తప్ప మూడో మనిషి లేకుండా బతికాం. ఇప్పుడు నేను పిచ్చి పట్టకుండా, పెళ్ళాం బిడ్డలతో, నాలుగు మోటార్లు చుట్టుకుంటూ మీ ముందున్నానంటే అది ఆ మనిషి పుణ్యం. ఆ సంగతి నలుగురికీ చెప్పాలనిపించి రాస్తున్నాను. రాత నా పని కాదు. తీగ చుట్టుకుంటూ పోయినట్టు పోతాను, ఎక్కడన్నా తెగితే మీరే ముడేసుకోండి.

పన్నెండేళ్ళ కిందట గల్ఫులో ఒక రోడ్డు కంపెనీలో మెకానిక్కుగా చేరాను. బయల్దేరేటప్పటికి నా భార్యకు ఐదో నెల. ఎడారి మధ్యలో క్యాంపు, వంద మంది జనం, రాత్రీ పగలూ యంత్రాల మోత. మూడు నెలలకు ఏదో లావాదేవీలో పేచీ వచ్చి రోడ్డు పని ఆగిపోయింది. జనాన్ని తలోచోటికీ పంపించేశారు. పన్నెండు బండ్లు మాత్రం అక్కడే ఉండిపోయాయి. రోలర్లు, బుల్డోజర్లు, టిప్పర్లు, ఒక క్రేను. వారానికొకసారి వాటిని స్టార్టు చేసి కాసేపు తిప్పకపోతే బ్యాటరీలు దిగిపోతాయి, ఇంజన్లు పట్టేస్తాయి. ఆ పనికి మెకానిక్కు ఒకడు, కాపలాకూ వంటకూ ఇంకొకడు కావాలన్నారు. మెకానిక్కుని నేను. క్యాంపు వంటమనిషి చిచ్చా. "రెండు నెలలే" అని చెప్పి, పాసుపోర్టులు ఆఫీసులో పెట్టుకొని, జీపెక్కి వెళ్ళిపోయారు.

పది రోజులకొకసారి ఒక పఠాన్ డ్రైవరు లారీలో నీళ్ళూ డీజిలూ గోధుమపిండీ ఉల్లిగడ్డలూ తెచ్చి దించేవాడు. ఫోను పలకదు. నెలకొకసారి మాలో ఒకరిని పెద్ద రోడ్డు మీద సిగ్నలు వచ్చే దాకా తీసుకెళ్ళి, ఇంటికి మాట్లాడించి, సాయంత్రానికి తిరిగి దించేవాడు. అంటే ఒక్కొక్కరికి రెండు నెలలకొక ఫోను. అంతే. మిగతాదంతా ఇసుక, ఎండ, గాలి, పసుపు రంగు బండ్లు.

నేను మొదటి వారం మగాడిలాగా పన్నెండు బండ్లూ ఒకే పూటలో స్టార్టు చేసి, అన్నీ తిప్పి, చేతులు దులుపుకొని మంచమెక్కాను. మిగతా ఆరు రోజులు పడుకుందామని నా లెక్క. చిచ్చా వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"ఏందిరా ఇది?"

"పని అయిపోయింది చిచ్చా."

"అయిపోయింది సరే. ఇంక ఆరు దినాలు ఏం తింటావు?"

"నువ్వు వండింది తింటా."

"నువ్వు దినాన్ని తినకపోతే దినం నిన్ను తింటాది రా. దినానికి రెండు బండ్లు. మూడోది ముట్టుకున్నావంటే ఆ పూట నీకు కూడు లేదు."

వంటమనిషి మెకానిక్కుకు పని చెప్పడమేంటని నాకు ఒళ్ళు మండింది. నా కోపం సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. కానీ అన్నం ఆయన చేతిలో ఉంది కదా. దినానికి రెండు బండ్లే చేశాను. రెండో నెల గడిచాక, మమ్మల్ని తీసుకెళ్ళడానికి ఎవరూ రాకపోయాక, ఆయన ఎందుకలా చెప్పాడో తెలిసింది. పొద్దున లేస్తే చెయ్యాల్సిన పని ఒకటి మిగిలి ఉండడం ఎంత గొప్ప సంగతో ఇంట్లో కూర్చుని చదివే మీకు ఎట్లా చెప్పాలో నాకు తెలియడం లేదు.

అంతకు ముందు ఆయన వేరే దేశంలో మేకల దొడ్డి దగ్గర ఎనిమిది నెలలు ఒక్కడే ఉన్నాడు. దాని గురించి ఎక్కువ చెప్పేవాడు కాదు. ఒక్కసారి మాత్రం ఉల్లిగడ్డలు తరుగుతూ అన్నాడు: "ఏడో నెలలో మేకలు నాకు జవాబు చెప్పడం మొదలుపెట్టినాయి రా. అవి చెప్పింది నాకు బాగా అర్థమయ్యేది కూడా. అప్పుడు భయమేసింది, ఇట్ల కాదు, మనిషి మాదిరిగా ఉండడానికి ఏదో ఒకటి చెయ్యాల అని." అని నవ్వాడు. నేను నవ్వలేదు.

ఆయన చేసిన "ఏదో ఒకటి"లో మొదటిది చొక్కా. క్యాంపులో మా ఇద్దరికీ ఒకటే గది, రేకుల గది. బయట కాకి కూడా లేదు. నేను నిక్కరు మీద, బనీను కూడా లేకుండా తిరిగేవాణ్ణి. ఆయన రోజూ చెంబెడు నీళ్ళతో ఒళ్ళు తుడుచుకొని, చొక్కా తొడుక్కొని, గుండీలు మెడ దాకా పెట్టుకునేవాడు. శుక్రవారమైతే అత్తరు కూడా. "ఎవరొస్తారని చిచ్చా ఈ సోకు?" అని ఎగతాళి చేశాను. "నువ్వు చూస్తా ఉండావు గదరా" అన్నాడు. మరుసటి రోజు నేనూ చొక్కా వేసుకున్నాను. ఎందుకంటే ఆయన కూడా నన్ను చూస్తున్నాడు కదా.

రెండోది దుప్పటి. గది మధ్యలో తాడు కట్టి దుప్పటి వేలాడదీసి, "ఇది నీ ఇల్లు, అది నా ఇల్లు" అన్నాడు. నా వైపుకి రావాలంటే బయటి నుంచి దుప్పటి తట్టి, "లోపలికి రావచ్చునా?" అని అడిగేవాడు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఐదో నెలకొచ్చేసరికి నవ్వు పోయింది. ఆయన టీ జుర్రుకుంటూ తాగుతాడు. ఆ చప్పుడు వింటే నాకు చంపెయ్యాలనిపించేది. ఇది మాటవరసకు అనడం లేదు, నిజంగానే అనిపించేది. ఒకరోజు అరిచాను, నోటికి ఏదొస్తే అదన్నాను. నేను అలిగి దుప్పటి ఇవతలే ఆరు రోజులు ఉండిపోయాను, పలకరిస్తే పలకలేదు. ఆ ఆరు రోజులూ పూటపూటకీ దుప్పటి కింద నుంచి అన్నం పళ్ళెం మెల్లగా ఇవతలికి జరిగేది. ఒక మాట లేదు. చెయ్యి కూడా కనపడేది కాదు, పళ్ళెం అంచు మాత్రమే కనపడేది. ఏడో రోజు పళ్ళెంతో పాటు టీ గ్లాసు కూడా జరిగింది. అవతల నుంచి జుర్రుకుంటున్న చప్పుడు, ఈసారి కావాలని గట్టిగా. నాకు నవ్వు ఆగలేదు. దుప్పటి ఎత్తి అవతలికెళ్ళి కూర్చున్నాను.

మధ్యాహ్నాలు ఆయన గంటన్నర సేపు క్రేను నీడలో చెంచాలు చెక్కేవాడు. ఉదయగిరి కర్ర చెంచాల సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆయన ఇంట్లో తాతల నాటి నుంచీ అదే పని. కొండలో దొరికే నర్ది కర్రతో చెక్కాల్సిన చెయ్యి, అక్కడ సామాన్లు వచ్చిన పెట్టెల చెక్కతో సరిపెట్టుకుంది. "ఇది చెక్కా? దీనికన్నా అట్ట నయం" అని తిట్టుకుంటూనే చెక్కేవాడు. వాళ్ళ ఊళ్ళో ఒక పూటలో అయ్యే చెంచాని పదిహేను రోజులు లాగేవాడు. ఆ గంటన్నర నేను ఆయన దగ్గరికి పోకూడదు, మాట్లాడకూడదు. "మనిషికి మనిషి కావాల, నిజమే. ఇరవై నాలుగు గంటలూ అక్కర్లే" అనేవాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, సాయంత్రం నడక ఒక ఎత్తు.

ఎండ తగ్గాక ఇద్దరం బండ్ల చుట్టూ తిరిగేవాళ్ళం. ఊరికే తిరగడం కాదు. ఒకరోజు ఆత్మకూరు, మరుసటి రోజు ఉదయగిరి. ఆత్మకూరు రోజు నేను బస్సు దిగేవాణ్ణి. డిపో గేటు, పక్కన టీ బంకు, దాని పక్కన అరటికాయల బండి, ఆ తర్వాత మందుల షాపు... అట్లా ఒక్క షాపు కూడా వదలకుండా చెప్పుకుంటూ నడవాలి. వదిలితే మళ్ళీ డిపో దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఉదయగిరి రోజు ఆయన వంతు. బస్టాండు, ఎదురుగా కొండ, సైకిలు షాపు, గాజుల కొట్టు, మసీదు మలుపు, మూడో సందు, ఆ సందు చివర పచ్చ తలుపు. ఆ తలుపు కనపడగానే ఆగిపోయేవాడు. "ఇంక చాలు. వెనక్కి తిరుగు."

నా వంతు రోజు కూడా అంతే. మా వీధి మొదట్లోకి రాగానే ఆపేసేవాడు.

"ఇంకో నాలుగడుగులేస్తే ఇల్లొస్తాది చిచ్చా."

"వీధి దాకానే. ఇంట్లోకి పోగూడదు."

"ఎందుకు?"

"ఊరు మనల్ని తిరిగి పంపిస్తాది రా. ఇల్లు పంపీదు."

పన్నెండో నెలలో ఆ మాట నేను మీరాను. నా ఫోను వంతు వచ్చింది. లారీలో పెద్ద రోడ్డు దాకా పోయి ఇంటికి మాట్లాడాను. నేనింకా కళ్ళతో చూడని నా కూతురికి వాళ్ళమ్మ ఫోను దగ్గర పెట్టింది. "నాయన" అంది అది. చెప్పించి చెప్పించి నేర్పినట్టున్నారు, రెండుసార్లు అంది. తిరిగొచ్చేటప్పుడు లారీలో పాటలు పాడాను. ఆ సాయంత్రం ఆత్మకూరు వంతు. డిపో దగ్గర మొదలుపెట్టి, మా వీధిలోకి వచ్చి, చిచ్చా చెయ్యి పట్టుకుని ఆపుతున్నా ఆగకుండా తలుపు తీశాను. నడవలో ఊయల, వంటింట్లో నా భార్య, పొయ్యి మీద పాలు, అన్నీ చెప్పాను. అంతా కళ్ళ ముందర చూసినట్టే చెప్పాను. చెప్పి, ఊయల పక్కన కూర్చున్నాను.

అక్కడి నుంచి లేవలేకపోయాను. మరుసటి రోజు బండ్ల దగ్గరికి పోలేదు. చొక్కా వేసుకోలేదు. తిండి గొంతు దిగలేదు. ఏడుపు కూడా రాలేదు, వచ్చినా బాగుండేది. పళ్ళెం దుప్పటి కింద నుంచి వచ్చేది, అట్లాగే పోయేది. ఐదో రోజు మిట్టమధ్యాహ్నం లేచి, చెప్పులు కూడా లేకుండా, పెద్ద రోడ్డు ఎటుంటుందో ఆ దిక్కుకి నడవడం మొదలుపెట్టాను. ఆ ఎండలో రెండు గంటలు నడిస్తే మనిషి మిగలడు. అది తెలియక కాదు నేను నడిచింది.

కొంతదూరం పోయాక పక్కన చిచ్చా నడుస్తున్నాడు. తలకి తువ్వాలు, ఒక చేతిలో నీళ్ళ క్యాను, ఇంకో చేతిలో నా చెప్పులు. చొక్కా గుండీలన్నీ పెట్టి ఉన్నాయి. నన్ను పట్టుకోలేదు, ఆపలేదు.

"యాడికి?"

"ఇంటికి."

"ఏ బస్సుకి?"

చెప్పులు నా ముందర పడేశాడు. కాళ్ళు కాలుతున్నాయని అప్పుడు తెలిసింది. తొడుక్కున్నాను.

"ఇప్పుడు యాడుండావు? నిజం చెప్పు."

"ఊయల కాడ."

"బిడ్డ నిద్రపోతా ఉండాదా?"

"పోతా ఉండాది."

"అయితే లేపబాకు. మెల్లగా పైకి లెయ్. నీళ్ళు తాగు." క్యాను నా నోటికి అందించాడు. తాగాను. "నడవలోకి రా. గడప ఉండాది, కాలు చూసుకో. తలుపు దగ్గరికెయ్, కుక్కలొస్తాయి. ఏసినావా?"

"ఏసినా."

"వీధిలోకి వచ్చినావు. కుడికా, ఎడమకా?"

"ఎడమకి."

"పద. ఏముండాది?"

చెప్పాను. కిరాణా కొట్టు, పాల కేంద్రం, బట్టల షాపు, మందుల షాపు. ఒక షాపు మరిచిపోతే, "ఆగు, వెనక్కి పా" అని మళ్ళీ చెప్పించాడు. అరటికాయల బండి, టీ బంకు, డిపో గేటు. "దిగు, వచ్చేసినాం" అన్నాడు. తలెత్తి చూస్తే మా క్యాంపు గేటు ముందర నిలబడి ఉన్నాం. ఎప్పుడు వెనక్కి తిరిగామో నాకు తెలియదు. అప్పుడు ఏడ్చాను. క్యాంపు గేటు పట్టుకుని, సిగ్గు లేకుండా, నోరు తెరిచి ఏడ్చాను. ఆయన పక్కనే నిలబడి, అయిపోయేదాకా ఉండి, "మూడో రోలరు పలకడం లేదు రా, బ్యాటరీ దిగినట్టుండాది. చూడు" అన్నాడు.

వెళ్ళి చూస్తే బ్యాటరీ శుభ్రంగా ఉంది. ఎవరో టెర్మినలు వైరు ఊడదీసి పక్కన పెట్టారు. కనుచూపు మేరలో ఉన్నది ఇద్దరం, అందులో ఒకణ్ణి నేను. మళ్ళీ బిగించాను. నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మరో రెండు నెలలకు డ్రైవరు ఒక కబురు తెచ్చాడు. ఇద్దరు అక్కర్లేదు, ఒక్కడు చాలు, ఒకడు ఇంటికి పోవచ్చు. లెక్క ప్రకారం చిచ్చా పోవాలి. నాకన్నా ఏడాదిన్నర ముందొచ్చినవాడు. ఎనిమిదో క్లాసు చదివే కూతురుంది, భార్య ఒంటరిగా ఉంది. డ్రైవరు మాట పూర్తి కాకముందే చిచ్చా, "వీడిని పంపించు. బండ్లు స్టార్టు చెయ్యడం నాకు నేర్పించినాడు, నేను చూసుకుంటా" అన్నాడు. నేను, "వద్దు చిచ్చా, నువ్వు పో" అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. నోటి చివర దాకా కూడా రాలేదు ఆ మాట. ఇన్నేళ్ళలో ఈ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

లారీ ఎక్కేటప్పుడు, నా కూతురికని చెక్కిన చిన్న చెంచా ఒకటి చేతిలో పెట్టాడు. పెట్టి, గట్టిగా భుజం పట్టుకున్నాడు. "ఒక్క మాట విను. ఊర్లో దిగినాక యాడా ఆగబాకు. వీధిలో నిలబడబాకు. నేరుగా ఇంట్లోకి పో. నిలబడితే అదే అలవాటైపోద్ది." ఇంటికి పోయేవాడికి ఇది చెప్పాలా అనుకున్నాను. కానీ ఆత్మకూరులో బస్సు దిగి మా వీధి మొదట్లోకి రాగానే, నిజంగానే నా కాళ్ళు ఆగిపోయాయి. వెనక్కి తిరగాలనిపించింది. ఆయన మాట గుర్తొచ్చి పరిగెత్తాను. బూట్లతోనే వంటింట్లోకి పోయాను. ఏడాదిన్నర తర్వాత మొగుడు కనపడితే నా భార్య అన్న మొదటి మాట, "బూట్లతో వంటింట్లోకా!" అని.

ఇంకో ఐదు నెలలకు చిచ్చా వచ్చాడు. ఐదు నెలలు ఒక్కడే ఉన్నాడు. వచ్చిన కొత్తలో చెంచాల మూట తీసుకొని ఆత్మకూరుకి వచ్చి నా షాపు వెతుక్కున్నాడు. మనిషి సగమయ్యాడు. కానీ గుండీలు మెడ దాకా ఉన్నాయి. ఇద్దరం డిపో దగ్గర్నుంచి నడిచాం. మందుల షాపు దాటగానే ఆగి కోపంగా చూశాడు. "ఇదేందిరా? మందుల షాపుకీ బట్టల షాపుకీ మధ్యలో టైలరు ఉండాడే! నువ్వు ఎప్పుడూ చెప్పలేదే! ఇన్ని నెలలు పాపం ఆయన మీద నడిచి పోయినాం గదరా." అక్కడే నిలబడి ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. టైలరు బయటికొచ్చి ఏమైందని అడిగాడు. చిచ్చా ఆయనకు క్షమాపణ చెప్పాడు. ఎందుకో మాత్రం చెప్పలేదు.

ఆ రోజు మా ఇంటికి తీసుకొచ్చాను. గేటు దాకా వచ్చి ఆగిపోయాడు. "లోపలికి రా చిచ్చా" అంటే, "ఈడే బాగుండాదిలే" అన్నాడు. ఎంత బతిమాలినా రాలేదు. నా భార్య టీ గేటు దగ్గరికే తెచ్చింది. మా ఇంట్లోకి రావడానికి మొహమాటమేమో, మా వాళ్ళు ఏమైనా అనుకుంటారనేమో అనుకొని నాకు కోపం కూడా వచ్చింది. నాలుగైదు నెలలు పోయాక మళ్ళీ వచ్చినప్పుడు, పిలవకముందే చెప్పులు విప్పి నేరుగా వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, "అమ్మాయ్, టీ పెట్టు" అన్నాడు. అప్పటి కోపం నేను మరిచిపోయాను. ఆ తర్వాత నెలకొకసారైనా వచ్చేవాడు. నా కూతురికి చెంచా పట్టుకోవడం ఆయనే నేర్పాడు.

నేను మాత్రం ఉదయగిరికి పోలేదు. గంటన్నర బస్సు ప్రయాణం, పదేళ్ళు పోలేదు. "నేనొస్తానుగా, నీకెందుకు శ్రమ" అనేవాడు, అదొక సాకు దొరికింది. అసలు సంగతి, ఉదయగిరి అంటే నాకు ఆ ఇసుకలో, బండ్ల చుట్టూ నడిచిన ఊరే. ఆ సందులోకి నిజంగా పోతే మళ్ళీ ఆ ఎడారిలోనే తేలతానేమోనని ఎక్కడో భయం.

ఆయన పోయిన రోజు షాపు మూసేసి బస్సెక్కాను. ఉదయగిరిలో దిగితే ఎదురుగా కొండ. దారి ఎవరినీ అడగలేదు. సైకిలు షాపు ఉన్న చోట ఇప్పుడు మొబైలు షాపుంది. గాజుల కొట్టు అట్లాగే ఉంది. మసీదు మలుపు, మూడో సందు. సందు చివర పచ్చ తలుపు. దాని ముందర జనం. అందరూ లోపలికి పోయి చూసి వస్తున్నారు. నేను సందులోనే నిలబడిపోయాను. శవాన్ని మోసే జనాజా బయటికి తెచ్చాక భుజం పట్టాను, మట్టి వేశాను, అక్కడి నుంచే తిరిగి బస్సెక్కాను. వీధి దాకానే.

నలభయ్యో రోజున ఆయన కూతురు ఫోను చేసి రమ్మంది. భోజనాల వేళ దాటాక చేరాను, కావాలనే. అరుగు మీద నిలబడ్డాను. తలుపు తెరిచే ఉంది. లోపల ముందుగది, ఆ వెనక వంటింటికి అడ్డంగా ఒక పరదా. భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు ఆడవాళ్ళు పరాయి మగవాళ్ళ ఎదుటికి రారు, అందుకని ఆయన భార్య ఆ పరదా వెనకే ఉంది. కూతురు గుమ్మంలోకి వచ్చింది.

"లోపలికి రా అన్నా."

"ఈడే బాగుండాదిలేమ్మా" అన్నాను. నా నోటి నుంచి ఆ మాట ఎట్లా వచ్చిందో తెలియదు.

ఆ అమ్మాయి నన్నే చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వింది కూడా. "అబ్బా గూడా అట్లనే అన్నాడన్నా, గల్ఫు నుంచి వచ్చినప్పుడు. ఇదే అరుగు మీద నిలబడి."

"అంటే?"

"లోపలికి రాలేకపోయినాడు. మూడు నెలలు. వీధి దాకా వచ్చేవాడు, అరుగు ఎక్కేవాడు, ఈ గడప కాడికి రాగానే చెమటలు పట్టి వెనక్కి తిరిగేవాడు. పండుకోవడం, తినడం అన్నీ ఈడనే. అమ్మీ ఎంత ఏడ్చినా రాలేదు. ఆ ఇసుకలో ఐదు నెలలు ఒక్కణ్ణే ఈ తలుపు దాకా నడిచి నడిచి వెనక్కి తిరిగినాను, కాళ్ళు మాట వినడం లేదు అనేవాడు."

మా గేటు దగ్గర నిలబడి టీ తాగిన మనిషి గుర్తొచ్చాడు. అప్పుడు నాకు కోపం వచ్చింది చూడండి, ఆ కోపం గుర్తొచ్చింది.

"మరి ఎట్లా వచ్చినాడమ్మా లోపలికి?"

ఆ అమ్మాయి ముందుగదిలో కింద పరిచిన నల్ల బండలు చూపించింది. "నీ కథ చెప్పినాడు అమ్మీకి. ఆత్మకూరు అబ్బాయి అలిగితే దుప్పటి కింద పళ్ళెం తోసేవాణ్ణి, ఏడో దినానికి వచ్చేసినాడు అని. అమ్మీ అది పట్టుకునింది. మొదటి దినం అన్నం గడప బయటే పెట్టింది. నాలుగు దినాల తర్వాత ఈ బండ మీద. ఆ తర్వాత ఈ బండ. ఏమీ అనేది కాదు, పళ్ళెం మాత్రం ఒక్కో బండా లోపలికి జరిపేది. పదకొండు బండలు. అబ్బా గమనించలేదు, పళ్ళెం వెనకాలనే వచ్చేసినాడు."

"గమనించకేం?" పరదా వెనక నుంచి ఒక గొంతు. నెమ్మదైన గొంతు, మొదటిసారి వింటున్నాను. "నాలుగో బండ కాడనే నవ్వినాడు."

నేను అరుగు మీద నుంచే, పరదా వైపు చూసి చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. "అమ్మా, ముందు రావాల్సింది ఆయన. ఆయన బదులు నేనొచ్చినా. నువ్వు పో చిచ్చా అని ఒక్క మాట గూడా అనలేదు నేను. ఆ ఐదు నెలలు, ఈ మూడు నెలలు, అన్నీ నా వల్లనే."

లోపల గిన్నె మూత తీసిన చప్పుడు వినిపించింది.

"తెలుసు నాయనా. బిడ్డ ఫోన్లో నాయన అనిందంట గదా నిన్ను. అది వినినాక వాణ్ణి ఎట్ల ఉంచుకుంటాను అన్నాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఎప్పుడూ సంతోషంగానే చెప్పినాడు. ఎండన పడి వచ్చినావు, అన్నం తిను."

పరదా అంచు కొద్దిగా కదిలింది. దాని కింద నుంచి అన్నం పళ్ళెం మెల్లగా ఇవతలికి జరిగి పదకొండో బండ మీద ఆగింది. అన్నం మీంచి ఇంకా ఆవిరి లేస్తోంది. పక్కన నున్నగా చెక్కిన కర్ర చెంచా ఒకటి. చెయ్యి కనపడలేదు.

నేను చెప్పులు విప్పాను. గడప ఉంది, కాలు చూసుకొని దాటాను.